సోడియం 130, సోడియం 137: ఏ రిపోర్టు నిజం?

హనుమకొండ నుంచి ఒక సోదరి రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. సారాంశం మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

వాళ్ల బాపుకు 64 ఏళ్లు. నర్సంపేట వైపు ఒక పల్లెలో పత్తి, మిర్చి పండిస్తారు. పోయిన యాసంగిలో నడుము నొప్పి మొదలైంది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు దించిన రోజు పట్టేసిందనుకున్నారు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నెలల తరబడి నొప్పి సూదులు వేయించుకున్నారు. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంటే రక్తపరీక్ష చేయించారు. హిమోగ్లోబిన్ 7.6 ఉంది. హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖానలో ఎముక మజ్జ పరీక్ష చేసి మల్టిపుల్ మైలోమా అని తేల్చారు. అప్పుడు రక్తంలో మొత్తం ప్రోటీన్ 13.4, అందులో ఆల్బుమిన్ 2.8. పొట్ట మీద వారానికో సూది, స్టిరాయిడ్ గోలీలు మొదలుపెట్టి, ‘కిడ్నీలు కాపాడుకోవాలి, రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగాలి, నొప్పి గోలీలు ముట్టొద్దు’ అని చెప్పి పంపారు. బాపు ఇప్పుడు కూతురింట్లోనే ఉంటున్నారు.

తిరకాసు రెండో నెల సూదుల ముందు వచ్చింది. కరీంనగర్‌లో ఉండే అన్న ఒక పెద్ద ల్యాబు వాళ్లను ఇంటికి పిలిపించి రక్తం ఇప్పించాడు. శాంపిల్ హైదరాబాద్‌కు వెళ్లింది. రిపోర్టులో సోడియం 130, ఫాస్ఫరస్ 9.8. రెండింటి మీదా ఎర్ర గుర్తులు. అన్న ఆ కాగితం తీసుకెళ్లి తెలిసిన ఫిజీషియన్‌కు చూపించాడు. ఆయన నీళ్లు లీటరుకు తగ్గించమన్నారు, మూడు పూటలా ఉప్పు గోలీలు, అన్నంతో పాటు ఫాస్ఫరస్ తగ్గించే గోలీ రాశారు, పాలు, పెరుగు, పప్పులు ఆపమన్నారు. అంతకుముందు తీసిన రిపోర్టులో ‘ప్రోటీన్ ఎక్కువ’ అని చూసి వదిన అప్పటికే గుడ్లు మాన్పించింది. సోదరికి అనుమానం వచ్చి మర్నాడు ఇంటి దగ్గరి చిన్న ల్యాబులో మళ్లీ చేయిస్తే సోడియం 137, ఫాస్ఫరస్ 4.1. అన్న ఆ ల్యాబుకు వెళ్లి, ‘మిషన్ మీద పెట్టకుండానే అంకెలు రాస్తున్నారు’ అని అక్కడి అబ్బాయి మీద నలుగురిలో అరిచాడు. చెల్లెలితో, ‘నీ మొండితనంతో బాపును చంపుతవా’ అన్నాడు.

పది రోజులు ఉప్పు గోలీలు వాడారు. ఇప్పుడు బాపు కాళ్లు వాచాయి, బీపీ 160 దాటింది, తిండి సయించడం లేదు. ‘ఇగ ఈ పరీక్షలొద్దు, నన్నొదిలెయ్యుండ్రి’ అంటున్నారు. ఆయనకు తన జబ్బు పేరు తెలియదు, ‘రక్తం తక్కువైంది’ అని మాత్రమే చెప్పారు. ‘నీళ్లు పొయ్యాల్నా, ఆపాల్నా? ఉప్పు గోలీలు ఎత్తి పారెయ్యాల్నా? ఏ ల్యాబు అబద్ధం చెప్పింది? మా అన్నతోని ఎట్ల మాట్లాడాలె?’ అని అడిగారు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పది రోజులుగా ఒక చేతిలో నీళ్ల చెంబు, ఇంకో చేతిలో రిపోర్టు పట్టుకుని నిలబడ్డారు మీరు. ముందు మీకు తెలియాల్సింది ఒకటుంది: ఏ ల్యాబూ మోసం చేసి ఉండకపోవచ్చు. రెండు మిషన్లూ తమ పని తాము చేశాయి. మీ బాపు రక్తం మామూలు రక్తం కాదు, తేడా అక్కడుంది.

మైలోమాలో ఎముక మజ్జలోని ప్లాస్మా కణాలు అదుపు తప్పి పెరుగుతాయి. ఈ కణాలు ఆరోగ్యంగా ఉన్నప్పుడు రకరకాల యాంటీబాడీలు తయారుచేస్తాయి. జబ్బు చేసినప్పుడు ఒకే రకం ప్రోటీన్‌ను కుప్పలు తెప్పలుగా తయారుచేసి రక్తంలోకి వదులుతాయి. దాన్నే ఎం ప్రోటీన్ అంటారు. మామూలుగా ప్రతి 100 మిల్లీలీటర్ల సీరంలో, అంటే రక్తకణాలు తీసేశాక మిగిలే ద్రవంలో, మొత్తం ప్రోటీన్ 6 నుంచి 8 గ్రాముల మధ్య ఉంటుంది. మీ బాపుకు 13.4. ఆల్బుమిన్ 2.8 తీసేస్తే మిగిలిన పదిన్నర గ్రాముల్లో చాలా భాగం ఈ పనికిరాని ప్రోటీనే. ఇది కిడ్నీలను, ఎముకలను ఇబ్బంది పెడుతుందని మీకు డాక్టర్లు చెప్పే ఉంటారు. ఇది రక్తపరీక్షలను కూడా పక్కదారి పట్టించగలదని సాధారణంగా ఇంట్లో వాళ్లకు ఎవరూ చెప్పరు.

సోడియం సంగతి చూద్దాం. సోడియం రక్తంలోని నీటి భాగంలో కరిగి ఉంటుంది. మామూలు సీరంలో 100 పాళ్లకు 93 పాళ్లు నీరు, మిగతావి ప్రోటీన్లు, కొవ్వులు. రోజుకు వేల శాంపిళ్లు చేసే పెద్ద ల్యాబుల మిషన్లు చాలావరకు సీరంను కొద్దిగా తీసుకుని, ద్రవం కలిపి పలుచన చేసి కొలుస్తాయి. ప్రతి మనిషి సీరంలోనూ 93 పాళ్లు నీరే ఉంటుందన్న లెక్కతో తిరిగి అసలు అంకె కడతాయి. మీరు పలుచటి పప్పుచారు ఒక గరిటె, అదే ఉప్పదనం ఉన్న గట్టి పప్పు ఒక గరిటె తీసి చూడండి. గట్టి పప్పు గరిటెలో నీళ్లు తక్కువ, కాబట్టి ఆ గరిటెడులో ఉప్పు కూడా తక్కువే వస్తుంది. నాలుకకు మాత్రం రెండూ ఒకేలా ఉప్పగా ఉంటాయి. మీ బాపు సీరం ఆ గట్టి పప్పు. 13.4 ప్రోటీన్ ఉన్నప్పుడు నీటి పాలు 93 నుంచి 89 దగ్గరికి పడిపోతుంది. లెక్క వేసి చూస్తే అసలు 137 ఉన్న సోడియం ఆ మిషన్‌లో 130, 131గా కనిపిస్తుంది. మీ రెండు రిపోర్టుల మధ్య తేడా సరిగ్గా అంతే. దీన్ని వైద్యంలో ‘సూడో హైపోనాట్రీమియా’ అంటారు. శరీరానికి సోడియం తక్కువ కాలేదు, కొలతలో తక్కువ కనిపించింది.

చిన్న ల్యాబుల్లో సోడియం, పొటాషియం చూడటానికి పెట్టుకునే చిన్న మిషన్లు, ఐసీయూల్లో రక్తంలోని ఆక్సిజన్ లాంటి వాయువులు చూడటానికి పెట్టే ఏబీజీ మిషన్లు చాలావరకు రక్తాన్ని పలుచన చేయకుండా నేరుగా కొలుస్తాయి. వాటికి ఈ ప్రోటీన్ అడ్డు రాదు. అంటే మీ అన్న అరిచిన ఆ అబ్బాయి ఇచ్చిన అంకే నిజానికి దగ్గరిదై ఉండే అవకాశం ఎక్కువ. ఈ విషయం మీ అన్నకు మింగుడు పడటం కష్టమే. పెద్ద పేరు, ఖరీదైన మిషన్, బార్‌కోడ్ ఉన్న రిపోర్టు తప్పు చూపిస్తుందని ఎవరనుకుంటారు? ఆ పెద్ద మిషన్ మిగతా అందరి విషయంలో బాగానే పనిచేస్తుంది. అరుదుగా వచ్చే ఇలాంటి రక్తం దగ్గరే తడబడుతుంది.

ఫాస్ఫరస్ కథ వేరు. సీరంలో యాసిడ్, మాలిబ్డేట్ అనే రసాయనం కలిపి, వచ్చిన మార్పును వెలుతురు పంపి కొలుస్తారు. నేను బయోకెమిస్ట్రీ ల్యాబులో పనిచేసిన రోజుల్లో మైలోమా సీరంను ఆ రీజెంటులో వేస్తే ఏమవుతుందో దగ్గరగా చూశాను. తేటగా ఉండాల్సిన ట్యూబు కొన్ని క్షణాల్లో తెల్లగా మబ్బు పడుతుంది, అడుగున సన్నటి పొర చేరుతుంది. యాసిడ్ తగిలి ప్రోటీన్ విరిగిపోవడం అది. ఆ మబ్బు వెలుతురును అడ్డుకుంటే మిషన్ దాన్ని కూడా ఫాస్ఫరస్ కింద జమ వేస్తుంది. అందరి ప్రోటీన్ ఇలా విరగదు, ఒకే మనిషి రక్తం ఒక కంపెనీ రీజెంటులో విరిగి ఇంకో కంపెనీ రీజెంటులో విరగకపోవచ్చు. అందుకే ఒకచోట 9.8, ఇంకోచోట 4.1. మామూలు స్థాయి 2.5 నుంచి 4.5. ఫాస్ఫరస్ నిజంగా 9.8కి చేరిందంటే సాధారణంగా కిడ్నీలు బాగా దెబ్బతిని ఉండాలి. మీరు పంపిన అదే రిపోర్టులో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.2, కాల్షియం 9.1 ఉన్నాయి. ఆ పక్కపక్క అంకెలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. కాగితంలో ఎర్ర గుర్తున్న ఒక్క లైను చూడకుండా మొత్తం పేజీ కలిపి చదివితే ఈ అనుమానం ఎవరికైనా వస్తుంది.

మీ అన్న చూపించిన ఫిజీషియన్‌ను నేను తప్పు పట్టను. ఆయన చేతికి వచ్చిన కాగితంలో మొత్తం ప్రోటీన్ లేదు, మైలోమా ఫైలు లేదు. సోడియం 130 అని మాత్రమే తెలిస్తే నీళ్లు తగ్గించమనడం చాలామంది చేసే పనే. కానీ ఆ సలహా మీ బాపు జబ్బుకు ఎదురు తిరుగుతుంది. మైలోమాలో ఆ ప్రోటీన్ తాలూకు చిన్న ముక్కలు, వాటిని లైట్ చెయిన్లు అంటారు, కిడ్నీ గొట్టాల్లో గడ్డకట్టి దారి మూసేస్తాయి. నీళ్లు బాగా తాగితే అవి పలుచనై బయటికి పోతాయి. నీళ్లు తగ్గితే కిడ్నీకి ముప్పు పెరుగుతుంది. మరోవైపు ఆయన స్టిరాయిడ్ వాడుతున్నారు. అది ఒంట్లో ఉప్పును, నీటిని ఆపుతుంది. దాని మీద మూడు పూటలా ఉప్పు గోలీలు పడ్డాయి. కాళ్ల వాపు, బీపీ వాటి వల్లే కావచ్చు. ఖాయంగా చెప్పాలంటే గుండె, కిడ్నీ కూడా చూడాలి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

మొదటిది, రెండు వారాల తర్వాత హైదరాబాద్ వెళ్లే తేదీ ఉంది కదా, అప్పటిదాకా ఇలాగే నడిపించడం. ఇంట్లో గొడవ ఉండదు. కానీ ఆ రెండు వారాలు ఉప్పు, వాపు, తక్కువ నీళ్లు కొనసాగుతాయి. ఇది నాకు ఏమాత్రం నచ్చడం లేదు.

రెండోది, నా సమాధానం చదివి ఇవాళే ఉప్పు గోలీలు చెత్తబుట్టలో వేసి నీళ్లు మూడు లీటర్లకు పెంచేయడం. మీ మనసు దీనివైపే మొగ్గుతుందని తెలుసు. నేను చెప్పింది నిజమయ్యే అవకాశమే ఎక్కువ, అయినా మీ బాపును నేను చూడలేదు. మైలోమా ఉన్నవాళ్లకు సోడియం నిజంగానే తగ్గడం కూడా ఉంటుంది. వాంతులు, కొన్ని మందులు, ఇన్ఫెక్షన్లు దానికి కారణాలు. పైగా కాళ్లు వాచి బీపీ పెరిగిన మనిషికి గుండె ఎలా ఉందో చూడకుండా ఒక్కసారిగా మూడు లీటర్లు పోయడమూ మంచిది కాదు. రేపు ఏదైనా తేడా వస్తే మీ అన్న ముందు మీరు జవాబు చెప్పుకోలేరు, ఆ భారం మీ ఒక్కరి మీదే పడుతుంది.

మూడో దారి కొంచెం తిరుగుడు కనిపిస్తుంది గానీ ఒక్క రోజులో తేలిపోతుంది. ఇవాళే హైదరాబాద్‌లో ట్రీట్‌మెంట్ ఇస్తున్న డాక్టరుకు గానీ, వార్డు నంబరుకు గానీ ఫోన్ చేసి రెండు రిపోర్టులు, పాత ప్రోటీన్ రిపోర్టు, కొత్తగా రాసిన మందుల చీటీ ఫొటోలు పంపండి. కాళ్లు వాచాయని, బీపీ ఎంతుందో చెప్పండి. ‘ఉప్పు గోలీలు తర్వాతి పూట వేయాలా వద్దా, నీళ్లు ఎన్ని ఇవ్వాలి’ అని సూటిగా అడగండి. రేపు పొద్దున్నే ఐసీయూ ఉన్న ఏ దవాఖానకైనా వెళ్లి ఏబీజీ మిషన్ మీద సోడియం చూడమనండి. దీనికి మణికట్టు దగ్గర ధమనిలో సూది గుచ్చాల్సిన పని లేదు, మోచేతి దగ్గర సిర నుంచి తీసిన రక్తమైనా సోడియంకు సరిపోతుంది. నిమిషాల్లో అంకె వస్తుంది. అది 135 పైన ఉంటే సోడియం గురించిన దిగులు ముగిసింది. ఒకవేళ అక్కడ కూడా 130 వస్తే ఆ తగ్గుదల నిజమే, అప్పుడు కారణం వెతకాలి, మీ అన్న భయం కూడా సబబే అవుతుంది. పెద్ద దవాఖానల్లో సీరం ఆస్మొలాలిటీ అనే పరీక్ష కూడా ఉంటుంది. సీరం ఏ చల్లదనం దగ్గర గడ్డకడుతుందో చూసి చెప్పేది అది, దానికి ప్రోటీన్ పెద్దగా అడ్డు రాదు. అది 275 నుంచి 295 మధ్య ఉండి, ఆ రోజు షుగర్, యూరియా కూడా మామూలుగా ఉంటే, తక్కువ సోడియం ఉత్తదే అన్నమాట.

ఫోన్ ఎవరూ ఎత్తకపోతే? అది మన దగ్గర జరిగేదే, నాకు తెలుసు. అప్పుడు హనుమకొండలోనో వరంగల్‌లోనో మరో ఎండీ జనరల్ మెడిసిన్ డాక్టరు దగ్గరికి మొత్తం ఫైలుతో, బాపును వెంటబెట్టుకుని వెళ్లండి. కాళ్ల వాపు, బీపీ రెండు వారాలు ఆగేవి కావు. అన్నకు తెలిసిన ఫిజీషియన్ దగ్గరికే మళ్లీ వెళ్లినా మంచిదే. ఈసారి 13.4 అనే కాగితం పైన పెట్టి ఇవ్వండి. అది చూశాక ఆయనే మందులు మారుస్తారని నా నమ్మకం.

ఫాస్ఫరస్ విషయంలో కూడా ఇలాగే ల్యాబును ఒక మాట అడగొచ్చు. ‘మైలోమా ఉంది, ప్రోటీన్ తీసేసి గానీ, సెలైన్‌తో పలుచన చేసి గానీ మళ్లీ చూడగలరా’ అంటే బయోకెమిస్ట్రీ డాక్టరు ఉన్న ల్యాబులకు అర్థమవుతుంది. అప్పటిదాకా ఆ గోలీల డబ్బా మీద ఏ మందో చూసి డాక్టరుకు చెప్పండి. కొన్నింట్లో కాల్షియం ఉంటుంది, మైలోమా మనిషికి కాల్షియం ఎక్కువ కాకుండా కాచుకోవాలి.

తిండి దగ్గర కాస్త గట్టిగా చెబుతున్నాను. రక్తంలో ప్రోటీన్ ఎక్కువుందని గుడ్లు, పప్పు మాన్పించడం మన ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు. ఆ ప్రోటీన్ తిండి వల్ల వచ్చింది కాదు, జబ్బు కణాలు తయారుచేసింది. గుడ్డు మానేస్తే అది పిసరంత కూడా తగ్గదు. పైగా మీ బాపుకు ఆల్బుమిన్ 2.8, అంటే పనికొచ్చే ప్రోటీన్ తక్కువగా ఉంది. పాలు, పెరుగు, పప్పు, గుడ్లు అన్నీ ఆపేసి చప్పిడి మెతుకులు పెడితే 64 ఏళ్ల మనిషి కీమో సూదులకు ఎలా తట్టుకుంటాడు? కిడ్నీలు 1.2 దగ్గర నిలకడగా ఉన్నాయని మీ డాక్టరు చెబితే ఇవన్నీ మళ్లీ పెట్టొచ్చు. వదినతో ఇది మీరు చెప్పడం కంటే డాక్టరు నోటి నుంచి వినిపించడం మేలు. ఆమె కూడా బాపు బాగుండాలనే చేసింది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయకపోతే నా సమాధానం మీకు మేలు కంటే కీడు చేస్తుంది. ‘మైలోమాలో రిపోర్టులన్నీ తప్పే’ అని అనుకోకండి. హిమోగ్లోబిన్ తగ్గడం, క్రియాటినిన్ పెరగడం, కాల్షియం పెరగడం ఈ జబ్బులో సర్వసాధారణం, వాటిని నిజమనే పట్టుకుని ముందు డాక్టరుకు చెప్పాలి. కాల్షియం నిజంగా పెరిగితే మనిషికి విపరీతమైన దాహం, మలబద్ధకం, మత్తు, తికమక మాటలు వస్తాయి, అది ప్రాణం మీదికి తెస్తుంది. కొందరిలో ఈ ప్రోటీన్ కాల్షియంను పట్టుకుని ఉండి అంకెను ఉత్తుత్తిగా పెంచుతుంది, అప్పుడు అయొనైజ్డ్ కాల్షియం అనే పరీక్షతో తేలుస్తారు. కానీ అది తేల్చాల్సింది డాక్టరే, మనం ఇంట్లో కూర్చుని కాదు. బిలిరుబిన్, హెచ్‌డీఎల్ కొలెస్ట్రాల్, సీఆర్పీ లాంటివి కూడా కొందరిలో అటూ ఇటూ అవుతాయి. ఏది వచ్చినా మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘బాపు మనిషి ఈ అంకెకు తగ్గట్టు ఉన్నాడా?’ సోడియం 130 వచ్చిన రోజు ఆయన నడిచారు, మాట్లాడారు, పేపరు చదివారు అని మీరే రాశారు. కొద్దిపాటి నిజమైన తగ్గుదలకు కూడా మనిషి మామూలుగానే ఉండొచ్చు, అందుకే మిషన్ మీద తేల్చుకోమంటున్నాను. కానీ మీకు అనుమానం వచ్చింది సరైన చోటే.

ఇంకో సంగతి కూడా ముందే తెలిసి ఉండటం మంచిది. సూదులు పనిచేస్తే ఎం ప్రోటీన్ తగ్గుతుంది. 13.4 కాస్తా 10కి, 8కి దిగుతుంటే, అదే పెద్ద ల్యాబులో సోడియం దానంతట అదే 130 నుంచి 134కు, 136కు ఎక్కుతుంది. అప్పుడు మీ అన్న ‘చూసినవా, ఉప్పు గోలీలు పనిచేసినయ్’ అంటాడు. పనిచేసింది కీమో. అందుకే సోడియం చూసే ప్రతిసారీ మొత్తం ప్రోటీన్, ఆల్బుమిన్ కూడా ఆ రక్తంలోనే చేయించండి, రెండూ పక్కపక్కన కనిపిస్తాయి. ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ కాకుండా ఒకే చోట చేయించండి. నన్నడిగితే రోజువారీ పరీక్షలకు మీ ఇంటి దగ్గరి ల్యాబే పెట్టుకోండి. అయితే ఆ అబ్బాయిని ‘మీ మిషన్ సోడియంను పలుచన చేయకుండా నేరుగా కొలుస్తుందా’ అని ఒకసారి అడిగి నిర్ధారించుకోండి. మైలోమాకే ప్రత్యేకమైన పరీక్షలు, అంటే ఎం ప్రోటీన్, లైట్ చెయిన్లు, ట్రీట్‌మెంట్ జరిగే చోటనే చేయించండి.

ఆ అబ్బాయి దగ్గరికి మళ్లీ వెళ్లాలంటే మీకు మొహం చెల్లడం లేదన్నారు. వెళ్లండి. ‘మా అన్న భయంతో అరిచిండు, నీ రిపోర్టే సరైందేమో అని డాక్టరు అంటున్నరు’ అని చెప్పండి. నిజాయితీగా పనిచేసిన మనిషి నలుగురిలో దొంగ అనిపించుకున్నాడు, ఆ మాట ఆయనకు దక్కాలి. ఇంకో ఏడాది పాటు మీకు ఆయనతో పని ఉంటుంది కూడా.

అన్న గురించి. దూరంగా ఉండి డబ్బులు పంపే కొడుకు తన వంతు చేయలేకపోతున్నానన్న బాధను చాలాసార్లు కోపంగానే చూపిస్తాడు. ఆయన ఆ పెద్ద ల్యాబును పిలిపించింది బాపు కోసం తను చేయగలిగినది అదే కాబట్టి. ఇప్పుడు మీరు ఏబీజీ రిపోర్టు తెచ్చి ‘చూడు, నువ్వు తప్పు’ అని వాట్సాప్‌లో పెడితే ఆ ఒక్క పనీ తప్పైపోతుంది, తర్వాత ఆయన మాట్లాడటమే మానేస్తాడు. పరీక్ష మీరు ఒక్కరే చేయించి ఫలితం చెప్పొచ్చు, తొందరగా అయిపోతుంది, గాయం మిగులుతుంది. లేదా, ‘అన్నా, రెండు ల్యాబులు రెండు మాటలు చెప్తున్నయ్, మూడోది నీ ముందే చేయిద్దాం, పొద్దున రా’ అని పిలవొచ్చు. కరీంనగర్ నుంచి రెండు గంటల దారి. రాలేనంటే ఫోన్‌లో వీడియో పెట్టి డాక్టరుతో ఆయన్నే మాట్లాడించండి. డాక్టరును ప్రశ్న అడిగేది ఆయనే అయితే, వచ్చిన జవాబును ఒప్పుకోవడం సులువవుతుంది. ‘బాపును చంపుతవా’ అన్న మాటకు మీకు కలిగిన నొప్పిని దాచుకోమని నేను అనను. ఆ సంగతి ఈ సోడియం గొడవ తేలాక, ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. రెండూ కలిపితే రెండూ తేలవు.

బాపు ‘నన్నొదిలెయ్యుండ్రి’ అంటున్నారు. ఆయన వైపు నుంచి చూడండి. జబ్బేమిటో తెలియదు. ఒక వారం ‘నీళ్లు తాగు తాగు’ అని వెంటపడ్డారు, మరో వారం చెంబు లాగేసుకున్నారు. పెరుగు లేదు, పప్పు లేదు, గుడ్డు లేదు. పిల్లలిద్దరూ గొంతులు తగ్గించి తిట్టుకుంటున్నారు. ఎవరైనా అదే మాటంటారు. జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది మీ ఇంటి నిర్ణయం. చెబితే మొదటి కొన్ని రోజులు కుంగిపోవచ్చు. దాస్తే మాత్రం నీళ్లెందుకో, సూదెందుకో ఆయనకు అర్థం కాదు, ఊరికెళ్లిన రోజున మళ్లీ ఆర్‌ఎంపీ దగ్గర నడుముకు డైక్లోఫినాక్ సూది వేయించుకుంటారు. ఆ ఒక్క సూది ఈ ఉప్పు గోలీలన్నింటికంటే కిడ్నీకి ఎక్కువ ప్రమాదం. నా మొగ్గు చెప్పడం వైపే ఉంది. ఒకేసారి అంతా కాదు, ఆయన అడిగినంత. ‘రక్తంలో ఒక చెడు ప్రోటీన్ పెరిగింది బాపూ, సూదులు దాన్ని తగ్గించడానికే, నీళ్లు కిడ్నీని కడగడానికే’ అంతవరకు చెప్పినా ఆయన చెంబు ఆయనే పట్టుకుంటారు. హైదరాబాద్ డాక్టరును మీ ముందు చెప్పమని అడగడం ఇంకో దారి.

ఫైలు పైపేజీ మీద పెద్దక్షరాలతో ఇలా రాయించి పెట్టండి: ‘మల్టిపుల్ మైలోమా, ఎం ప్రోటీన్ ఎక్కువ. సోడియంను డైరెక్ట్ పద్ధతిలో చూడగలరు. నొప్పి సూదులు వద్దు.’ రక్తం ఎక్కించాల్సి వస్తే బ్లడ్ బ్యాంకు వాళ్లకు కూడా ఆ పేజీ చూపించండి, ఈ ప్రోటీన్ ఎర్ర కణాలను ఒకదానికొకటి అతికించి క్రాస్‌మ్యాచ్‌ను, అంటే ఎక్కించే రక్తం సరిపడుతుందో లేదో చూసే పరీక్షను, తికమక పెట్టగలదు. మున్ముందు మైలోమాకు వాడే డారాటుముమాబ్ అనే మందు మొదలుపెడితే మొదటి డోసుకు ముందే బ్లడ్ బ్యాంకుకు శాంపిల్ ఇవ్వాలి. ఆ మందు ఆపిన తర్వాత కూడా ఆరు నెలల దాకా వాళ్ల పరీక్షలను తారుమారు చేయగలదు.

ఇవేవీ చూసుకోకుండా, ఏ ల్యాబు అంకె కోసమూ ఆగకుండా ఎమర్జెన్సీకి పరిగెత్తాల్సిన సందర్భాలున్నాయి. మనిషి మగతలోకి జారుతున్నా, మాటలు తడబడుతున్నా, ఫిట్స్ వచ్చినా, మూత్రం బాగా తగ్గినా, కాళ్ల వాపుతో పాటు పడుకుంటే ఆయాసం వస్తున్నా, ముక్కులోంచి రక్తం కారి చూపు మసకబారినా, నడుము నొప్పితో పాటు కాళ్లు సచ్చుబడినా, జ్వరం వచ్చినా అర్ధరాత్రి అయినా బయల్దేరండి. ముక్కు రక్తం, మసక చూపు అయితే ప్రోటీన్ వల్ల రక్తం చిక్కబడిందేమో చూడమని మీరే డాక్టరుకు గుర్తుచేయండి. ఫైలు మరిచిపోవద్దు, ముందు ప్రోటీన్ రిపోర్టు తీసి ఇవ్వండి.